నీటిమట్టం రాయని లెక్క: ఒక చెరువులో బాతుల తగ్గుదలపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు తెలంగాణలోని ఒక మధ్య తరహా సాగునీటి చెరువుకు సంబంధించినది. చెరువు పేరు, మండలం, సంవత్సరాలు, పాల్గొన్నవారి వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు విషయాలను వదిలేశాను. కేసులోని తర్కానికి వాటితో పని లేదు.

మా పక్షి వీక్షకుల బృందం ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటుంది. భారత ఉపఖండంలో 1987లో మొదలైన ఈ గణనను వెట్‌ల్యాండ్స్ ఇంటర్నేషనల్ సమన్వయం చేస్తుంది. పక్షులను లెక్కపెట్టేది మాత్రం ఎక్కడికక్కడ ఉండే స్వచ్ఛంద సభ్యులే. మాలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసినవారు ఉన్నారు. గణన ఏర్పాట్లు, పట్టికలు, అధికారులతో ఉత్తరప్రత్యుత్తరాలు నా బాధ్యత.

చెరువుకు తూర్పున కట్ట, దాని మీద తూము, ఒక చివర మత్తడి (నిండినప్పుడు ఎక్కువ నీరు పొర్లిపోయే చోటు) ఉన్నాయి. పడమటి వైపు శిఖం భూమి, అంటే నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేల, చాలా దూరం నెమ్మదిగా వాలుతూ పోతుంది. పూర్వం చలికాలానికి నీళ్ళు వెనక్కి తగ్గి, అక్కడ బురద, దాని ముందు మోకాటి లోతు కూడా లేని నీళ్ళు మిగిలేవి. పిన్‌టెయిల్, షోవెలర్, గార్గనే వంటి వలస బాతులు, ఉల్లంకి పిట్టలు అక్కడే దిగేవి. కట్ట పక్కన బతుకమ్మల కోసం కట్టిన రాతిమెట్లు ఉన్నాయి. వీటి ప్రస్తావన మళ్ళీ వస్తుంది. చేపల హక్కు గ్రామ మత్స్య సహకార సంఘానిది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ఈ చెరువులో పూడిక తీశారు, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. ఆ తర్వాత వానలకే వదిలేయకుండా కాలువ నీటితో కూడా చెరువును నింపడం మొదలైంది.

ఎదురైన సమస్య

కొన్నేళ్ళ జనవరి పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వలస బాతుల సంఖ్య పడిపోతున్నట్టు కనిపించింది. అదే కాలంలో నీటికాకులను, గూడబాతులను (పెలికాన్లను) వలల దగ్గరికి రానీయకుండా మత్స్యకారులు పడవల మీద నుంచి టపాకాయలు కాలుస్తున్నారు. ఆ చప్పుడుకు చెరువు మీదున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేవడం సభ్యులందరూ చూసినదే. లెక్క తగ్గింది, చప్పుడు పెరిగింది, కాబట్టి ఇది దానివల్లే అన్న నిర్ణయానికి ఎక్కువ మంది వచ్చేశారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేపల వేట ఆపించాలని జిల్లా అధికారులకు అర్జీ పెట్టాలన్నారు.

వారి ఆలోచనకు ఆధారం లేకపోలేదు. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించి, వాటిలో 178 జాతులకు సంరక్షణలో అధిక ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. బాగా తగ్గుతున్నవాటిలో గద్దల వంటి వేటాడే పక్షులు, వలస ఉల్లంకి పిట్టలతో పాటు బాతులను కూడా చేర్చింది. అంతటా జరుగుతున్నదే మన చెరువులోనూ జరుగుతోంది కదా అని సభ్యుల వాదన. అయితే దేశం మొత్తం మీద కనిపించే ధోరణికి ఒక చెరువులో కారణం టపాకాయలేనని ఆ నివేదిక చెప్పలేదు, చెప్పజాలదు. పైగా అర్జీలో నెగ్గితే కొన్ని కుటుంబాలకు నాలుగు నెలల ఆదాయం పోతుంది. అంత భారాన్ని మోయగల లెక్క మా దగ్గర ఉందా అన్నదే ఈ కేసులో నేను వేసుకున్న మొదటి ప్రశ్న.

పాత పట్టికలను ఆ దృష్టితో చదివితే జవాబు సంతోషపెట్టేదిగా లేదు. ఒక ఏడు కట్ట మీద నుంచి మాత్రమే చూశారు, మరో ఏడు శిఖం వైపు కూడా నడిచారు. ఒకసారి పొగమంచు తొలగకముందే మొదలుపెట్టారు, ఇంకోసారి ఎండ ఎక్కాక వెళ్ళారు. కొన్ని గడుల్లో గుండ్రటి అంకెలు ఉన్నాయి. కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడి అంటే ఆ పక్షి లేదనా, ఉన్నా లెక్కపెట్టలేదనా అన్నది పట్టికను బట్టి తెలియదు. గణనలో సున్నా కూడా ఒక సమాచారమే, ఖాళీ గడి సమాచారం కాదు. ఆసియా గణన పత్రాన్ని నింపేవారికీ, పక్షుల జాబితాలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పూర్తి జాబితా ఇచ్చేవారికీ ఇది కొత్త మాట కాదు. కానీ చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు, వెనక నుంచి పదిమంది పక్షుల పేర్లు అరుస్తున్నప్పుడు మొదట వదిలేసేది ఈ సున్నాలనే.

మొదట చేసినవి, అవి నిలవకపోవడం

అర్జీ ఆపాలన్న నా సూచనకు మద్దతు దొరకలేదు. సభ్యులు సంతకాలు చేసి పంపారు. అందులో 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలను ఆధారంగా చూపారు. అర్జీ అక్కడే కూలింది. సాగునీటి కోసం ప్రత్యేకంగా మనుషులు నిర్మించిన జలాశయాలను ఆ నిబంధనలు చిత్తడి నేల నిర్వచనంలోంచే తప్పించాయి. తెలంగాణలో వలస పక్షులు దిగే చోట్లలో ఎక్కువ భాగం ఇలా కట్టు కట్టిన చెరువులే కాబట్టి ఈ మినహాయింపు ఎంత పెద్దదో పక్షులు చూసేవారు ముందే తెలుసుకోవడం మంచిది. నీటిపారుదల అధికారి ఆ విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, ఇంకో ప్రశ్న వేశారు: ‘‘బాతులు తగ్గాయంటున్నారు, ఏ నీటిమట్టం దగ్గర తగ్గాయి?’’ మా పట్టికల్లో నీటిమట్టానికి గడే లేదు.

అర్జీ సంగతి మత్స్య సంఘానికి తెలిసింది. మాకూ వారికీ మధ్య అంతవరకూ ఉన్న పలకరింపులు తగ్గాయి. గణన రోజున పడవ ఇవ్వడం మానేశారు. న్యాయంగా చూస్తే వారిని తప్పుపట్టడానికి లేదు.

రెండో ప్రయత్నం లెక్కను బలపరచడం. ఎక్కువ మందిని తీసుకువస్తే ఎక్కువ పక్షులు కనిపిస్తాయన్న ఆశతో ఒక జనవరిలో పెద్ద సంఖ్యలో కొత్తవారిని పిలిచారు. చెరువుకు ఆ రోజు మంచి ప్రచారం వచ్చింది, లెక్కకు మాత్రం నష్టం జరిగింది. రంగురంగుల బట్టల్లో గుంపులుగా శిఖంలోకి దిగినవారిని చూసి గార్గనేలు లేచి మధ్య నీటిలోకి పోయాయి. అక్కడ వాటిని కట్ట మీది జట్టు లెక్కపెట్టింది. కాసేపటికి అవి మత్తడి వైపు దిగితే మూడో జట్టూ లెక్కపెట్టింది. మూడు జట్ల అంకెలు కూడితే ఆ ఏడు బాతులు పెరిగినట్టు తేలింది! తగ్గిందని అర్జీ పెట్టిన బృందమే మరుసటి ఏడు పెరిగిందని నివేదిక ఇవ్వాల్సిన స్థితి వచ్చింది. ఆ మొత్తాన్ని నేను పైకి పంపలేదు. జట్లవారీ పట్టికలను, అవి ఎందుకు కూడరావో రాసిన వివరణను మాత్రం దాచాను.

ఆలోచన మారిన చోటు

అన్ని బాతులనూ కలిపి ఒకే వరుసగా చూడడం మానేసి జాతివారీగా విడదీసినప్పుడు చిత్రం వేరుగా కనిపించింది. పిన్‌టెయిల్, షోవెలర్, గార్గనే తగ్గాయి. బురదలో మేసే ఉల్లంకి పిట్టలు ఇంకా ఎక్కువగా తగ్గాయి. కానీ మునిగి మేసే పోచార్డ్ బాతులు తగ్గలేదు, నీటికాకులు, బుడుబుంగలు పెరిగాయి. చప్పుడే కారణమైతే దాని దెబ్బ ముందుగా తగలాల్సింది నీటికాకులకు, ఎందుకంటే టపాకాయలు కాల్చేదే వాటి మీద. పోచార్డ్‌లు కూడా అదే నడినీటిలో, పడవల మధ్యే ఉంటాయి. అవి ఉండి, పడవలకు దూరంగా అంచున మేసేవి పోయాయంటే కారణం అంచులోనే వెతకాలి.

పైబాతులు, అంటే తల ముంచి తోక పైకెత్తి మేసేవి, సుమారు అడుగు లోతు లోపలి నీటిలోనే అడుగున ఉన్న గింజలను, దుంపలను అందుకోగలవు. చిన్న ఉల్లంకి పిట్టలకు కొన్ని సెంటీమీటర్ల నీరు దాటితే కాళ్ళు ఆనవు. పోచార్డ్‌కు రెండు మీటర్ల లోతైనా ఇబ్బంది లేదు. కాబట్టి పక్షులు తగ్గాయా అన్న ప్రశ్నను, అడుగు లోతు నీరున్న విస్తీర్ణం తగ్గిందా అన్న ప్రశ్నగా మార్చుకోవాల్సి వచ్చింది.

ఈ మాట మాకన్నా ముందే తెలిసిన మనిషి ఊళ్ళో ఉన్నాడు. తరతరాలుగా తూము తెరిచే నీరటి కుటుంబానికి చెందిన పెద్దాయనను అడిగితే ఆలోచించకుండానే చెప్పాడు: ‘‘నీళ్ళు దిగితేనే కద సార్ బాతులొచ్చేది. ఇప్పుడు యాసంగి దాకా మత్తడి అంచుకే ఉంటున్నయి నీళ్ళు. అవి ఏడ నిలవడ్తయి?’’ ఆయన మాటను నిజమని తీసుకుని ఊరుకుంటే సభ్యులు టపాకాయల మాట నమ్మినదానికీ దీనికీ తేడా ఉండదు. పరీక్షించడానికి పాత ఏళ్ళ నీటిమట్టం కావాలి, అది ఎవరూ రాసి పెట్టలేదు.

బతుకమ్మ మెట్లు ఇక్కడ పనికొచ్చాయి. గణన రోజున అందరూ కలిసి ఫొటో దిగడం మా బృందంలో అలవాటు, దిగేది ఎప్పుడూ ఆ మెట్ల మీదే. సభ్యుల ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న ఆ ఫొటోలన్నీ తెప్పించాం. మనుషుల కాళ్ళ పక్కన నీటికి పైన ఎన్ని మెట్లు తేలి ఉన్నాయో లెక్కపెట్టాం. ఒక ఫొటోలో పిల్లవాడి చెప్పులు విడిచిన మెట్టే నీటి అంచు. మరొక ఏటి ఫొటోలో అదే మెట్టుకు కింద ఇంకా ఎన్నో మెట్లు, వాటి మీద ఎండిన నాచు చారికలు, చివర చీలిన బురద కనిపిస్తాయి. ఫొటో దొరకని ఏళ్ళకు, 2015 తర్వాతివైతే, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలలో నీటి వ్యాప్తి చూసి సరిపోల్చాం. ఆ చిత్రాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి మబ్బుల బెడద తక్కువ.

ఫలితం స్థూలంగా ఇలా ఉంది: మెట్లు ఎక్కువగా తేలిన ఏళ్ళలో పైబాతులు, ఉల్లంకి పిట్టలు ఎక్కువ. మెట్లు మునిగిన ఏళ్ళలో అవి తక్కువ, పోచార్డ్‌లు, నీటికాకులు ఎక్కువ. టపాకాయలు రెండు రకాల ఏళ్ళలోనూ కాల్చారు. లెక్కలు వంకరటింకరవి కాబట్టి దీన్ని రుజువు అనలేదు, ఇప్పటికీ అనను. కానీ రెండు వివరణల్లో జాతుల తేడాను వివరించగలిగినది ఇదొక్కటే.

గణన పద్ధతిలో మార్పులు

ఇక మీదట వచ్చే లెక్కలనైనా పోల్చదగినవిగా చేయడం తర్వాతి పని. మనుషుల సంఖ్య తగ్గించాం. నాలుగు స్థానాలు, ఒక్కో స్థానంలో ఒకరు స్కోప్‌లో (దూరదర్శినిలో) చూసి చెప్పేవారు, ఒకరు రాసేవారు. కొత్తవారికి వేరే రోజు పెట్టాం. దీని మీద బృందంలో అసంతృప్తి ఉంది, ఎందుకంటే జనవరి గణనే చాలామందికి ఏడాదికి ఒకసారి వచ్చే పండుగ. అయినా పండుగకూ లెక్కకూ ఒకే ఉదయం చాలదని నా అభిప్రాయం. ఫిబ్రవరిలో వచ్చే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ కొత్తవారికి ఇంకా బాగా సరిపోతుంది. పదిహేను నిమిషాలు చూసినా అందులో జాబితా ఇవ్వవచ్చు.

స్థానాల ఎంపికలో వెలుగు నిర్ణయించింది. ఉదయం సూర్యుడు వీపు వెనక ఉండాలి కాబట్టి పెద్ద గుంపులన్నీ కట్ట వైపు స్థానాలకు వచ్చేలా హద్దులు గీశాం. ఎదురెండలో ఆడ షోవెలర్‌కూ ఆడ పిన్‌టెయిల్‌కూ తేడా చెప్పడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టం. హద్దులకు నీటి మీద గీత ఉండదు కనుక అవతలి ఒడ్డున కదలనివాటిని గుర్తులుగా తీసుకున్నాం: ఒక జంట తాడి, ఒక కరెంటు స్తంభం, మైసమ్మ గుడి. అందరూ ఒకే సమయానికి మొదలుపెట్టి ఒకే సమయానికి ఆపుతారు. గుంపు ఏదైనా హద్దు దాటి ఎగిరితే, ఎన్ని, ఎటు, ఏ నిమిషానికి అని హద్దుకు రెండు వైపుల స్థానాలవారూ రాస్తారు. కూడేటప్పుడు ఒక చోటే ఉంచుతాం. మార్ష్ హారియర్ గద్ద ఒకటి చెరువు మీదుగా పోతే నామాలకోళ్ళు, బాతులు అన్నీ లేస్తాయి. అలా జరిగితే అన్ని స్థానాలవారూ ఆగి, పక్షులు కుదురుకున్నాక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు.

పెద్ద గుంపుల అంచనా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గుంపు పెద్దదయ్యేకొద్దీ కన్ను తక్కువగా అంచనా వేస్తుంది. మా సభ్యులకు నామాలకోళ్ళ గుంపును చూపించి ఎవరికి వారు అంకె రాయమని, అదే క్షణంలో ఫొటో తీసి, తర్వాత తెర మీద ఒక్కొక్క పక్షి మీద చుక్క పెట్టి లెక్కించాం. దాదాపు అందరూ తక్కువే రాశారు, కానీ ఒక్కొక్కరు తగ్గించే పాళ్ళు వేరు. పదింటిని కళ్ళతో విడిగా పట్టుకుని, ఆ పది ఎంత చోటు తీసుకుంటున్నాయో చూసి, ఆ చోటునే గుంపు మీద జరుపుకుంటూ పోవడం నేర్పించాం. బియ్యాన్ని సోలతో కొలిచినట్టు ఒకే కొలతను మళ్ళీ మళ్ళీ వాడడమే ఇందులో కిటుకు. గణనకు ముందు వారంలో ఈ సాధన చేసినవారే స్కోప్ దగ్గర కూర్చుంటారు.

పత్రంలో మూడు గడులు చేర్చాం: తేలిన మెట్ల సంఖ్య, పడవల సంఖ్య, టపాకాయలు కాల్చిన సమయం. చప్పుడు సిద్ధాంతాన్ని పక్కన పెట్టాం గానీ పరీక్షించడం మానలేదు. దానికి వ్యతిరేకంగా సమాచారం పోగుచేయకుండా కొట్టివేస్తే అవతలి పక్షానికి అదే అన్యాయం చేసినట్టవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ప్రయోజనం ఇచ్చినది, అదే ఉదయం చుట్టుపక్కల చెరువులను కూడా లెక్కపెట్టడం. బాతుకు మన రెవెన్యూ హద్దులతో పని లేదు. మా చెరువులో మెట్లు మునిగిన ఒక జనవరిలో, కాలువ నీరు చేరని చిన్న కుంటలో పిన్‌టెయిల్‌ల గుంపు కనిపించింది. తర్వాతి ఏటా అలాంటి సర్దుబాటే చూశాం. అంటే మా చెరువు లెక్కలో తగ్గినదంతా పక్షుల జనాభాలో తగ్గినది కాదు, కొంత భాగం చోటు మారినది. ఎంత భాగం అన్నది ఇంకా కొన్నేళ్ళు ఇలాగే లెక్కిస్తే గాని తేలదు. ఈ రెండూ విడివడేదాకా ‘తగ్గాయి’ అన్న మాటను నివేదికలో వాడవద్దని బృందం అంగీకరించింది. దాని బదులు ‘ఈ చెరువులో ఈ మట్టం దగ్గర ఇన్ని’ అని రాస్తున్నాం.

సంరక్షణ వైపు ఏది కుదిరింది

కారణం మారితే కోరిక కూడా మారాలి. ఆయకట్టు రైతు యాసంగికి నీళ్ళు కోరుకుంటాడు, ఆ నీళ్ళు బాతుల కోసం వదిలేయమనడం అర్థం లేనిది. చేపల వేట ఆపమనడానికి ఆధారం లేదు. మిగిలింది చెరువు అడుగు ఆకారం. నిండుగా ఉన్నప్పుడు కూడా శిఖం చివర అడుగు లోతు అంచు ఉండాలంటే అక్కడి వాలు చెడకూడదు. పూడిక తీసేటప్పుడు ట్రాక్టర్లు సులువుగా దిగేది ఆ చివరనుంచే, మట్టి ఎత్తేదీ అక్కడే. దాంతో మెత్తని వాలు పోయి నిటారు గుంతలు మిగులుతాయి. మట్టి కట్ట వైపు లోతు నుంచి తీస్తే నిల్వ సామర్థ్యం పెరుగుతుంది, అంచు మిగులుతుంది.

ఈ మాటనే నీటిపారుదల అధికారికి, పంచాయతీకి, మత్స్య సంఘానికి ఒకేసారి ఒకే కాగితం మీద ఇచ్చాం. కాగితంలో ఉన్నవి మెట్ల ఫొటోలు రెండు, శిఖం చివర తవ్వకూడని భాగాన్ని గీసిన పటం ఒకటి. సంఘం అధ్యక్షుడు మొదట అనుమానంగానే చూశారు. చేప పిల్లలు కూడా ఆ లోతు తక్కువ అంచులోని గడ్డిలోనే మేత వెతుక్కుంటాయన్నది ఆయనకు మేము చెప్పాల్సిన సంగతి కాదు, ఆయనే మాకు చెప్పారు. పటం మీద ఆయన ఇంకొంచెం చోటు కలిపి గీశారు. రైతుల్లో కొందరు ఒప్పుకోలేదు, ఎందుకంటే వారి పొలాలకు దగ్గరి మట్టి అదే. చివరికి ఆ భాగంలో ఒక మూలను మట్టికి వదిలి మిగతాది ముట్టుకోవద్దని పంచాయతీ తీర్మానంలో రాశారు. నేను అడిగినదానికన్నా అది తక్కువే, కానీ ముగ్గురూ సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

లొట్టపీచు పొదలను పీకించే శ్రమదానం కూడా చేశాం. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వేళ్ళతో తీయని చోటల్లా మరుసటి ఏటికి మళ్ళీ మొలిచాయి.

ప్రస్తుత స్థితి

పడవ మళ్ళీ దొరుకుతోంది. గణన రోజు ఉదయం టపాకాయలు కాల్చకుండా సంఘమే చూసుకుంటోంది. మిగతా రోజుల్లో కాలుస్తున్నారు. తీర్మానం తర్వాత ఒకసారి ట్రాక్టర్లు పటంలోని గీత దాటి వచ్చాయి, సంఘం వారే ఆపారు. మెట్లు మునిగిన ఏళ్ళలో ఆ అంచున గార్గనేలు ఏ మేరకు నిలుస్తాయన్నది ఇప్పుడు మా ముందున్న ప్రశ్న, దానికి తగినన్ని నిండు జనవరులు ఇంకా రాలేదు.

ఒక విషయంలో బృందంలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. నీటికాకుల లెక్క కూడా తమకు ఇవ్వాలని మత్స్య సంఘం అడిగింది. పెరిగిన అంకెను చూపించి చెరువు మీద దారాలు, వలలు కట్టడానికి అనుమతి అడుగుతారని కొందరు సభ్యుల భయం, అది నిరాధారం కాదు. అయినా నేను ఇవ్వాలనే వాదించాను, ఎందుకంటే బాతుల లెక్క మాకు అనుకూలంగా ఉన్నప్పుడు చూపించి నీటికాకుల లెక్క దాస్తే, మరుసటి ఏడు మా బాతుల లెక్కను వారు నమ్మాల్సిన అవసరం ఉండదు. ప్రస్తుతానికి గణన ముగిసిన సాయంత్రమే పూర్తి పత్రం, అన్ని జాతులతో, సున్నాలతో, మెట్ల సంఖ్యతో, పంచాయతీకీ సంఘానికీ ఒకేలా అందుతోంది. అభ్యంతరం చెప్పిన సభ్యుల అభిప్రాయాన్ని కూడా బృందం మినిట్స్ పుస్తకంలో రాశాం.